తుపాకీకి ఆగిన కవచం

హౌరాలో నేను పనిచేసే కార్ఖానాలో పాతకాలపు యుద్ధ కవచాలు చేస్తాం. విదేశాల్లో సరదాకి కత్తియుద్ధాలు ఆడేవాళ్లు వాటిని కొంటారు. నన్నక్కడ పనిలో పెట్టింది మా మేనమామ. ఓడరేవులో ఏళ్ల తరబడి రేకులు సాగగొట్టి వచ్చిన మనిషి. మా అందరిలోకీ మంచి పనివాడు.

ఒకసారి ఒక కొనుగోలుదారుడు, బాణాలకీ తుపాకీకీ మా కవచం ఏమాత్రం ఆగుతుందో వీడియో తీసి పంపమన్నాడు. యజమాని మమ్మల్ని ఊరి బయట పాడుబడ్డ ఇటుకల బట్టీకి తీసుకెళ్లాడు. కవచాన్ని గడ్డి బస్తాకి తొడిగాం. బాణాలు ఛాతీ వంపు మీద జారి పక్కకి పోయాయి. తరవాత యజమాని స్నేహితుడు, మందు కూరి పేల్చే తన పాత తుపాకీతో సీసపు గుండు పేల్చాడు. అది రేకునీ బస్తానీ దాటి వెనక గోడలో దిగింది.

యజమాని మొహం మాడిపోయింది. మావ ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, ఇంత పల్చటి రేకు ఏ తుపాకీకీ ఆగదనీ, మూడింతల మందం రేకిస్తే తాను చేస్తాననీ అన్నాడు. మూడు వారాలు కాల్చి, కొట్టి, నూనెలో ముంచి చేశాడు. దాన్ని ఎత్తడానికి నాకు రెండు చేతులూ చాలలేదు.

మళ్లీ బట్టీకి వెళ్లాం. మావ పక్కగా, నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. తుపాకీ పేలింది. రేకు సొట్టపడింది గానీ చిల్లు పడలేదు. సీసం మాత్రం దానికి తగిలి ముక్కలై పక్కలకి చిమ్మింది. మావ ఎడమకన్ను మూసుకుని కూలబడ్డాడు.

"సిల్లు పడిందేటిరా?" అని అడిగాడు.

లేదన్నాను.

ఆసుపత్రికి పోతుంటే కారులో యజమాని నాకు బెంగాలీలో నూరిపోశాడు. తుపాకీ మాట ఎత్తితే స్నేహితుడి లైసెన్సు పోతుంది, కార్ఖానా మూతపడుతుంది, సాన చక్రం నుంచి ముక్క ఎగిరిందని చెప్పు అని. మావ కంటికి గుడ్డ అదుముకుని నా పక్కనే వింటున్నాడు. డాక్టరు అడిగితే అదే చెప్పాను. పనిలో కళ్లద్దాలు ఎందుకు పెట్టుకోలేదని ఆయన కోప్పడ్డాడు. మావ పెట్టుకోడండీ అన్నాను. మాకు అవి ఇచ్చినవాడే లేడు.

కన్ను దక్కలేదు. ఒంటికంటితో సుత్తి దెబ్బ చోటు తప్పేది. కొన్నాళ్లకి యజమాని ఆయన్ని మాన్పించి, ఆ స్థానంలో నన్ను పెట్టాడు. నేను ఒప్పుకున్నాను. వీడియో చూసి మందపు కవచాలకి ఆర్డర్లు వచ్చాయి. ఇప్పుడవి నేనే చేస్తున్నాను.

మావని మాన్పించిన ఆర్నెల్లకి గాని, దగ్గర్లోనే ఉన్న సంత్రాగాఛిలో వాళ్లింటికి వెళ్లే ధైర్యం రాలేదు. మావ నన్ను కూర్చోమన్నాడు. క్షమించమని అడగాలని నోరు తెరిచేలోగా అత్త టీ పట్టుకుని వచ్చింది.

"ఆ చక్రం కాడ జాగర్తగుండు నాయినా. మీ మావ కన్ను తినీసింది," అంది.

ఇంట్లో కూడా ఆయన నా అబద్ధమే చెప్పాడు. నేను మావ వైపు చూశాను. ఆయన తన గ్లాసులోకి చూస్తున్నాడు.

"అలాగే అత్తా," అన్నాను.