వారసుడు చూపించిన యూనివర్సిటీ

మా అమ్మాయి మేఘన ట్వెల్త్ గ్రేడ్‌కి వచ్చింది. దేశమంతా పేరున్న ఒక పాత యూనివర్సిటీ చూసొద్దామంటే మొరాయించింది. "అది రిచ్ పీపుల్ ప్లేస్ అమ్మా. వాళ్ల డాడ్స్, గ్రాండ్‌డాడ్స్ అక్కడే చదివుంటారు. నాకెందుకు?" అంది. చూశాక వద్దను అని బతిమాలి, ఒక శుక్రవారం పొద్దున్నే జెర్సీ సిటీ నుంచి బయల్దేరదీశాను.

నువార్క్‌లో రైలు మారాం. ఈ దారిన ఉత్తరానికి వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి. న్యూయార్క్ దాటాక సముద్రపు పాయలు, పడవలు కనిపిస్తూ ఉంటాయి. ఎదుటి సీట్లో మాస్టర్స్ చదువుతున్న వరంగల్ అబ్బాయి మేం వెళ్లే చోటు విని నవ్వాడు.

"అక్కడ చదివినోళ్లకు ఇంటర్వ్యూ కాల్స్ ఉత్తగనే వస్తయ్ ఆంటీ. మేమైతే రెఫరల్ కోసం అందర్నీ అడుక్కోవాలె."

'విన్నావా' అన్నట్టు మేఘన నావైపు చూసింది.

పదకొండింటికి టూర్. టికెట్ లేదు గానీ ముందే బుక్ చేసుకోవాలి. మా గుంపుకి అన్నీ చూపించినవాడు ఈథన్ అనే థర్డ్ ఇయర్ కుర్రాడు. లైబ్రరీలో అడుగుపెట్టగానే తలెత్తి చూస్తూ ఉండిపోయాను. అంత ఎత్తు కప్పు కింద వందమంది చదువుకుంటున్నా కాగితం తిప్పిన చప్పుడు వినిపిస్తోంది. మేఘనకి నక్షత్రాల పిచ్చి. ఆ పుస్తకాలున్న వరుస దగ్గర నిలబడిపోతే చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది.

బయటికొచ్చాక అందరి ముందూ ఈథన్‌ని అడిగేసింది. "నీకు సీటు మెరిట్‌తో వచ్చిందా, ఫ్యామిలీ వల్ల వచ్చిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అతను మాత్రం తడబడలేదు.

"మా తాత, నాన్న ఇక్కడే చదివారు. అప్లికేషన్‌లో అది రాశాను. మార్కులూ బాగానే ఉన్నాయి. ఏది పని చేసిందో నాకే తెలీదు" అన్నాడు. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ఆ వెసులుబాటు తీసేయాలని ఇప్పుడు స్నేహితులతో కలిసి సంతకాలు సేకరిస్తున్నాడట. "ఈ ఏడాది మా చెల్లి అప్లై చేస్తోంది. అందుకే నాన్న నాతో మాట్లాడటం లేదు."

"నేను సైన్ చేయొచ్చా?" అంది మేఘన.

"స్టూడెంట్స్ మాత్రమే."

"అయితే నెక్స్ట్ ఇయర్ వచ్చి చేస్తా."

సాయంత్రం తిరుగు రైల్లో మేఘన ల్యాప్‌టాప్ తెరిచి అప్లికేషన్ మొదలుపెట్టింది. సీటు వస్తుందో రాదో తెలీదు. అక్కడ డబ్బుకీ పలుకుబడికీ చోటుందన్నది నేను కాదనను. కానీ సొంత చెల్లెలికి కలిసొచ్చే దారినే మూసేయమని అడుగుతున్న కుర్రాడు చదువుకుంటున్నదీ అక్కడే. అలాంటివాళ్ల మధ్య నా కూతురు కూర్చుని చదివితే ఎంత బాగుంటుందో అని ఇల్లు చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను.