పదకొండో గుడ్డు

మా సైన్సు మాస్టారు పోయారని విస్సన్నపేటలో బస్సెక్కుతుంటే తెలిసింది. తిరువూరులో దిగి వాళ్లింటికి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. అరుగు మీద మిగిలిన నలుగురూ ఆయన వెన్నలాంటి మనిషని చెప్పుకుంటున్నారు. వెన్నలాంటి మనిషైతే నాకు ఇన్నేళ్లు గుర్తుండేవారు కాదు.

డెబ్బైల మొదట్లో, మా తొమ్మిదో తరగతికి వచ్చారాయన. చాక్‌పీసు మా చేతికిచ్చి, తను వెనక బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేవారు. “ప్రశ్న మీదే, ప్రయోగం మీదే. చెడితే అదీ మీదే” అనేవారు. హెడ్మాస్టరు గారికి ఇది చదువులా కనిపించలేదు. మాకు మాత్రం రోజూ పండగే.

గుడ్డులో పిల్ల ఎలా తయారవుతుందన్న ప్రశ్న నాది. పొదిగే కోడి మరియమ్మది. నా పక్కనే కూర్చునే పిల్ల, వాళ్లమ్మ మామిడితోటల్లో కూలికెళ్లేది. పెట్టనీ పదకొండు గుడ్లనీ గంపలో పెట్టి నెత్తిన మోసుకొచ్చింది. రెండు రోజులకొకటి చొప్పున పది గుడ్లు పగలగొట్టి చూడాలి. పదకొండోది మరియమ్మకి వదిలేయాలి. ఆ మాట ఇచ్చింది నేనే.

“ఒక్క పిల్లనన్నా తెస్తానని మా అమ్మకి చెప్పానండీ” అంది మాస్టారితో.

ప్రశ్న వేసినవాళ్లే గుడ్డు పగలగొట్టాలని ఆయన నియమం. నేను సత్తుపళ్లెంలో పగలగొట్టేదాన్ని. దస్తూరీ బాగుంటుందని మరియమ్మ నోట్సు రాసేది.

ఇరవయ్యో రోజు పదో గుడ్డు పగలగొడితే మురిగిపోయి ఉంది. గదంతా కంపు. ఆ వారమే ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు, నోట్సులో చివరి గడి ఖాళీ. మిగిలింది మరియమ్మ గుడ్డొక్కటే. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కీచుకీచుమంటోంది.

“ఏం చేద్దాం సార్?”

“నన్నడుగుతావేంటమ్మా? ప్రశ్న నీది కదా.”

పగలగొడదామనేవాళ్లు చేతులెత్తమన్నాను. మరియమ్మ తప్ప అందరూ ఎత్తారు. మాస్టారు వద్దంటారేమోనని చూశాను. అనలేదు. పగలగొట్టాను.

పళ్లెంలో పిల్ల తలెత్తింది. మాస్టారు చేతిగడియారం విప్పి మరియమ్మ ముందు పెట్టారు. తొమ్మిది నిమిషాలు బతికిందని ఆమే రాసింది.

పెళ్లయ్యాక ఒకసారి మాస్టారింటికి వెళ్లి, ఎందుకాపలేదని అడిగాను.

“నేనాపితే నువ్వు ఆగినట్టు కాదు కదమ్మా. ఆగుతావనుకున్నాను. అది నా తప్పు” అన్నారు.

ఓదారుస్తారనుకుని వెళ్లినదాన్ని. కాఫీ ఇచ్చి పంపించారు. నేనూ టీచర్నే అయ్యాను. పిల్లలు అలాంటి పనికి చేతులెత్తితే వెంటనే వద్దంటాను, ఆయనంత గుండె నాకు లేదు. కానీ నేనెలాంటిదాన్నో నాకు తెలిసింది ఆయన వల్లే. అందుకు ఆయనకు దణ్ణం పెడతాను, కోపం పోకుండానే పెడతాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. గది మూల గంపలో పెట్ట ఉత్త గడ్డి మీదే కూర్చుని లేవనంటోంది. ఆయన నోట్సు తిరగేసి, ఒక్క గడి కూడా ఖాళీ లేదని మెచ్చుకున్నారు. ముత్యాల్లాంటి ఈ దస్తూరీ ఎవరిదని అడిగారు. మరియమ్మ లేచి నిలబడింది. చప్పట్లు కొట్టమన్నారు. అందరికన్నా ముందు నేనే కొట్టాను. వెనక బెంచీలో మాస్టారు నా చేతులకేసి చూస్తూ కూర్చున్నారు.