పెదనాయన జల్లించిన పిండి

మా చిన్నప్పుడు... 1957, ఎండలు ముదురుతున్న రోజులు, ఒక గురువారం. కండ్లు నులుముకుంటూ వాకిట్లోకి వస్తే మా పెదనాయన అరుగు మీద కూర్చొని జొన్నపిండి జల్లిస్తున్నాడు.

మగవాడు జల్లెడ పట్టడమే వింత. ఆ పిండి దేనికో తెలిసి కూడా ఆయన పట్టడం ఇంకా పెద్ద వింత...

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. పెదనాయన గనిలో నాపరాళ్ళు కొట్టేవాడు. దేవుడు లేడని నలుగురిలో గట్టిగా చెప్పేవాడు. పెద్దమ్మ పోయి ఆ రోజుకు పదో దినం. మా వైపు దినం నాడు మనిషి పోయిన చోట పిండి పలచగా చల్లి, మీద గంప బోర్లించి, తలుపు వేసి ఇంటిల్లిపాదీ వంకకు స్నానాలకు పోయేవాళ్ళు. తిరిగొచ్చి గంప ఎత్తితే, పోయినవాళ్ళు ఏ జన్మ ఎత్తబోతున్నారో ఆ అడుగు పిండిలో కనబడుతుందని నమ్మకం. ఆవు గిట్టో, పిట్ట కాలో...

నేనప్పుడు ఐదో తరగతి. మాటలంటే పిచ్చి. కొత్త మాట వినబడితే చాలు, నోటు పుస్తకంలో ఎక్కించేదాన్ని. ముందు రోజే మా బడి అయ్యవారు రాయించారు... 'నాస్తికుడు: దేవుడూ ఆత్మా లేనివాడు.' గుండ్రటి అక్షరాలతో రాసుకొని మురిసిపోయాను.

ఆ అయ్యవారే దినానికి వచ్చి అరుగు ముందు నిలబడ్డారు.

"ఏమప్పా, ఆత్మ లేదంటివి... ఇప్పుడు పిండి జల్లిస్తాండావే!"

"మా అత్త అడిగింది. ఆమెకు కండ్లు కనపడవు."

"అంటే ఉండాదని ఒప్పుకున్నట్లే గదా?"

"రవ్వ ఉంటే గుర్తు సరిగా పడదంట సామీ. అందుకని జల్లిస్తాండా. అంతే."

అందరూ నవ్వారు. నాకేమో పెదనాయన మీద కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఉత్తదేనా అని.

మధ్యాహ్నం వంక నుంచి తిరిగొచ్చి గంప ఎత్తారు. నల్లటి నాపరాతి నేల మీద తెల్లటి పిండి. చుట్టూ తలలే తలలు. "ఆవు గిట్ట మాదిరి ఉండాది" అని ఒకరు. "కాదు కాదు, పిట్ట కాలు" అని ఇంకొకరు. నేను తల దూర్చి చూశాను. నాకు పిండి తప్ప ఏమీ కనబడలేదు.

పెద్దమ్మ వాళ్ళ అమ్మ, మా అవ్వ, గోడకు ఆనుకొని కూర్చుంది. "తలా ఒకటి జెప్తాండారు. మీరంతా ఉండండి. అల్లుడు యాడ? ఆయప్పను చూసి జెప్పమనండి" అంది.

పెదనాయన వచ్చి మోకాళ్ళ మీద వంగాడు. శానా సేపు చూశాడు. ఏదో ఒకటి ఉందని చెప్పమని మా అమ్మ కండ్లతోనే బతిమాలింది.

"ఏమీ లేదత్తా. పొద్దున నేనెట్ల చల్లినానో అట్లే ఉండాది."

అయ్యవారు భగ్గుమన్నారు. "ముసలమ్మకు ఒక్క మాట జెప్పేదానికి నోరు రాలేదే నీకు! దేవుడూ లేడు, ఆత్మా లేదు, కడుపులో పేగు గూడా లేనట్లుందే!"

పెదనాయన కండ్ల నీళ్ళు చెంపల మీదికి జారాయి. అప్పటికీ అయ్యవారు వదల్లేదు. "ఆత్మ లేనోనికి ఏడుపు యాడ నుంచి వస్తాది?"

నవ్వారు! దినం జరుగుతున్న ఇంట్లో, పెండ్లాం పోయిన మనిషి ముందర... నవ్వారు! నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే మా అమ్మ చెయ్యి అడ్డం వచ్చింది.

అవ్వ మాత్రం నవ్వలేదు. తడుముకుంటూ వచ్చి, అరచెయ్యి పిండి మీద ఆనించి చూసుకుంది. "నిజమే. నున్నగా ఉండాది" అంది. తరువాత అదే చేత్తో అల్లుడి తల నిమిరింది. "పది దినాల నుంచి నాకు ఉన్నదున్నట్లు జెప్పింది నువ్వొకనివే నాయనా..."

పెదనాయన జుట్టంతా తెల్లగా అయ్యింది. నాపరాతి మీద అవ్వ ఐదు వేళ్ళ గుర్తు మిగిలింది.

సాయంత్రం ఎద్దులకు మేత వేస్తుంటే దగ్గరికి పోయి అడిగాను. "పెదనాయనా, దేవుడు లేడనేవాళ్ళంతా ఆత్మ గూడా లేదంటారా?"

"అట్లని ఎవరన్నారు పాపా? నాతో గనిలో పనిచేసే ఒకాయన దేవుడు లేడంటాడు, ఆత్మ మటుకు ఉండాదంటాడు. నేను రెండూ లేవంటా. రోజూ కొట్లాడుకుంటాం... ఒకే సద్ది తింటాం."

"మరి పెద్దమ్మ?"

ఆయన చేతిలో గడ్డి చేతిలోనే ఆగిపోయింది. "ఇంక యాడా లేదని తెలిసినాక గదా, ఇంత ఏడుపు వస్తాండేది..."

ఇంట్లోకి వచ్చి నోటు పుస్తకంలో ఆ అర్థం కొట్టేశాను. రేపు బడిలో లేచి నిలబడి 'అయ్యవారూ, అది తప్పు' అని చెప్పాలనుకున్నాను.

చెప్పలేదు. మరునాడు ఆయన ఇంకో మాట రాయించారు. తల వంచుకొని అది కూడా రాసుకున్నాను.

ఇప్పుడు మా ఇండ్లలో నాపరాళ్ళ బదులు టైల్సు వచ్చాయి. పిండి చల్లేవాళ్ళు తక్కువ. ఆ నవ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు. నిన్న మా బడి పాత విద్యార్థుల గ్రూపులో ఒకరు పెట్టారు... 'నాస్తికులకు ఆత్మ ఉండదు, అందుకే జాలి ఉండదు' అని. కింద వరుసగా నవ్వు బొమ్మలు! ఎవరి కన్నీళ్ళు ఎక్కడ నుంచి వస్తాయో తేల్చడానికి వీళ్ళెవరు?

మీరూ చిన్నప్పుడు ఇలా మింగేసిన మాట ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి... చదవాలని ఉంది.

రేపు పొద్దున ఆ బడిలోనే పాత విద్యార్థుల కలయిక. పిల్లలతో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పెదనాయన జల్లించిన పిండి గురించి చెబుతాను. ఈసారి నా నోటికి అడ్డం పెట్టడానికి అమ్మ చెయ్యి కూడా లేదు...