డాలరు నోటంత సందు

మా ఆవిడ ఉమామహేశ్వరికి కోపం వస్తే వంటింట్లో గిన్నెలు మోగవు. గరాజ్‌లో ఉప్పుకాగితం మోగుతుంది.

యాభై మూడేళ్ల మనిషి. అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో కొలతల గది ఆవిడ రాజ్యం. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరుకు వెనక్కి పంపేస్తుంది. నేను తరిగిన బెండకాయ ముక్కల్నీ అదే చూపు చూస్తుంది. ఇరవై ఆరేళ్లుగా భరిస్తున్నాను.

అలాంటి మనిషిని, తను సభ్యురాలైన రైఫిల్ షూటింగ్ క్లబ్ కెప్టెన్ డేల్ రెచ్చగొట్టాడు. రాష్ట్ర పోటీకి వెళ్లే జట్టులో ఒక్క చోటు ఖాళీ ఉంది. అది దక్కాలంటే ఎంపిక పోటీలో ఆరువందల గజాల దూరాన, అన్నం కంచమంత వలయంలో, ఐదుకి ఐదు గుళ్లూ పడాలి. వరసగా రెండేళ్లు ఈవిడకి నాలుగే పడ్డాయి. "షాపులో కొన్న రైఫిల్‌తో అంతకన్నా రాదు ఉమా" అన్నాడాయన. ఇక చూస్కోండి.

వేసవంతా రైఫిల్ విప్పి పెట్టుకుంది. జబ్బేమిటో తనే కనిపెట్టింది. గుండు వెళ్లే గొట్టానికి, అదే బ్యారెల్‌కి, కింది చెక్క ఒకచోట ఆనుతోంది. వేడెక్కిన కొద్దీ అక్కడ ఒత్తుకుని గుండు పక్కకి పోతోంది. ఎక్కడ ఆనుతోందో తెలియడానికి దేవుడి గదిలోని కుంకుమని కొబ్బరినూనెలో కలిపి బ్యారెల్‌కి పూసింది. బిగించి విప్పితే చెక్క మీద ఎర్రటి మచ్చ! అక్కడ ఉప్పుకాగితంతో గీకడం, మళ్లీ పూయడం. నా కుంకుమ భరిణె ఖాళీ. చివరికొక రోజు డాలరు నోటు బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య సందులో ఈ కొసనుంచి ఆ కొసకి సాఫీగా జారిపోయింది. ఆవిడ గంతులేసింది. నిజం చెప్పొద్దూ, నేనూ వేశాను.

తర్వాత దసరా వచ్చింది. ఆయుధ పూజకి కారుకీ, మిక్సీకీ, లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టడం ఏటా నా డ్యూటీ. ఈసారి ఇంట్లో అసలైన ఆయుధమే ఉందాయె! రైఫిల్‌కి గంధం, కుంకుమ ధారాళంగా పెట్టాను. ఆవిడ పైపైన తుడిచి పెట్టెలో సర్దుకుంది.

మూడు రోజులకి ఎంపిక పోటీ. గురి సరిచూసుకోవడానికి మూడు గుళ్లు కాల్చుకోవచ్చు. మొదటిది నట్టనడుమ పడింది. రెండోది బెత్తెడు ఎడమకి. మూడోది వలయం దాటిపోయింది. అసలు పోటీకి ఇంకా ఐదు నిమిషాలే ఉన్నాయి.

ఆవిడ పర్సులోంచి డాలరు నోటు తీసి బ్యారెల్ కిందకి దూర్చింది. సగం దూరంలో నోటు ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"ఏమండీ, గంధం ఎలా కలిపారు?"

"కాస్త పన్నీరు ఎక్కువైంది. జారింది. దేవుడిదే కదా అని..."

"సందులోకి జారి రాయిలా గడ్డకట్టింది! నా బ్యాగ్‌లో ఫీలర్ గేజ్ ఉంది, మాట్లాడకుండా ఇవ్వండి."

ఫ్యాక్టరీలో సందులు కొలిచే పల్చటి ఉక్కు రేకులవి. ఒక రేకుతో మెల్లగా గీరింది. గంధం పెళ్లలు, వాటితో ఎర్రటి పొడి రాలాయి. నోటు మళ్లీ దూర్చింది. జారిపోయింది! వేలికంటిన ఆ ఎరుపుని నుదుట దిద్దుకుని, బోర్లా పడుకుంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. రెండేళ్లూ చెయ్యిచ్చింది ఈ ఐదోదే.

కాల్చింది. డేల్ టెలిస్కోపులో చూస్తూ ఎంతకీ మాట్లాడడు. పీక నొక్కేద్దామనిపించింది.

"ఐదూ లోపలే!" అని అరిచాడు చివరికి.

నేను పెట్టిన కేకకి పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. డేల్ వచ్చి ఆవిడ చెయ్యి ఊపేస్తూ, "ఏం చేయించావు దీనికి? చెప్పు!" అన్నాడు.

ఆవిడ నన్నొకసారి చూసి నవ్వింది.

"నేను చేసిందంతా చెప్తాను డేల్. మా ఆయన చేసింది మాత్రం చచ్చినా చెప్పను."