బీపీ పట్టీ వెంట వచ్చిన జ్వరం

2022 వేసవి. భవానీపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేస్తున్నాను. ఒక రోగి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడటం నా పని. చేతులు కడుక్కోమని డాక్టర్లను కూడా కసిరేదాన్ని కాబట్టి, నేను వస్తుంటే అందరూ సింకు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు.

చల్లపల్లి దగ్గరి పల్లె నుంచి సుభద్రమ్మ గారు గర్భసంచి ఆపరేషన్‌కి వచ్చారు. భర్త వెంకట్రావు గారిది రొయ్యల సాగు. ఆపరేషనైన ఐదో రోజుకి కుట్టులో చీము, ఒళ్ళు కాలిపోయే జ్వరం. చీమును కల్చర్‌కి పంపాం. అంటే ల్యాబులో ఆ బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు చస్తుందో చూస్తారు. రిపోర్టులో ఏ మందు ఎదురుగా చూసినా ‘రెసిస్టెంట్’ అనే ఉంది, అంటే ఆ మందుకు అది లొంగదు. మిగిలింది కోలిస్టిన్ ఒక్కటే. అది కిడ్నీలను దెబ్బతీయగల మందు. ఇస్తే ఆ భయం, ఇవ్వకపోతే మనిషే దక్కదు.

కోలిస్టిన్ మొదలుపెట్టిన మర్నాడే అదే వార్డులో మరో ఇద్దరి కుట్లలోనూ అదే బ్యాక్టీరియా కనిపించింది. వాళ్ళకి జ్వరం లేదు, అదొక్కటే అదృష్టం. కుళాయిలు, మంచాలు, ట్రాలీలు అన్నీ పరీక్షించాం. ఎక్కడా దొరకలేదు. నాకు చిర్రెత్తుకొచ్చి రోగుల చుట్టాల మీద పడ్డాను. “ఇంటి దగ్గర్నుంచి క్యారేజీలు, దుప్పట్లు, వాటితో పాటు మురికీ మోసుకొస్తారు. ఇలా కాక ఇంకెలా అవుతుంది?” అని సుభద్రమ్మ గారి మంచం పక్కనే నిలబడి అరిచాను.

వెంకట్రావు గారు రోజంతా వార్డు గుమ్మం దగ్గరే కూర్చునేవారు. ఆ మధ్యాహ్నం లేచి నా దగ్గరికొచ్చారు.

“సిస్టరు గారూ, ఒక్క మాటండీ, కోప్పడకండి. జబ్బు చేసిన చెరువులో వేసిన వల మేం ఇంకో చెరువులో వెయ్యమండి. బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, ఎండబెట్టాకే.”

“అయితే ఏంటండీ?”

“మీ వాళ్ళు చేతులు కడుగుతున్నారు, గ్లౌజులు మారుస్తున్నారు. బీపీ చూసే పట్టీ మాత్రం మా ఆవిడ చేతి నుంచి విప్పి నేరుగా పక్కావిడకి చుడుతున్నారండీ.”

ఒళ్ళు మండింది. ఇరవయ్యేళ్ళ సర్వీసున్న నాకు ఈయన నేర్పేదేమిటి అనుకున్నాను. కానీ వార్డులోకి వెళ్ళి చూస్తే నిజమే. నేను రాసిన శుభ్రం చేయాల్సిన వస్తువుల జాబితాలో మంచం చక్రాలు సైతం ఉన్నాయి, ఆ పట్టీ లేదు. పట్టీని దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లను ల్యాబుకి పంపాం. అదే బ్యాక్టీరియా పెరిగింది.

మంచానికో పట్టీ పెట్టించాం. కొత్తగా ఎవరికీ రాలేదు. ఆ ఇద్దరికీ డ్రెస్సింగులతోనే పుళ్ళు మానాయి. సుభద్రమ్మ గారికి మాత్రం రోజూ పొద్దున్నే క్రియాటినిన్ చూసేవాళ్ళం. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో అది పెరుగుతుంది. నాలుగో రోజు కాస్త పెరిగింది. డాక్టరు గారు మోతాదు సర్దారు. రెండు రోజులకు అది దిగింది, జ్వరమూ దిగింది. “ఈ చప్పిడి పప్పు మీరు తింటారా అమ్మా?” అని ఆవిడ దెబ్బలాడితే, ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

డిశ్చార్జి రోజు సుభద్రమ్మ గారు నన్ను దగ్గరికి పిలిచారు. “అమ్మా, ఈ జబ్బు నేను ఇంటి నుంచే తెచ్చానా? పక్క మంచాలవాళ్ళకీ నావల్లే వచ్చిందా?”

ఎక్కడి నుంచైనా రావచ్చు అనే జవాబు మా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. అది నోటిదాకా వచ్చింది.

“లేదమ్మా. ఇన్ని మందులకు లొంగని బ్యాక్టీరియా ఎక్కువగా ఆసుపత్రుల్లోనే ఉంటుంది. మీకు ఇక్కడే అంటింది, పక్కవాళ్ళకి మా పట్టీయే చేర్చింది. తప్పు మాది. మిమ్మల్ని అనవసరంగా అన్నాను.”

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి భర్త వైపు తిరిగారు. “విన్నారా? నేను శుభ్రంగానే వచ్చానంట.”

జ్వరానికి మందు దొరికింది గానీ, నేనన్న మాటను ఆవిడ అన్నాళ్ళూ మోస్తూనే ఉన్నారు. ఇప్పుడు వార్డులో ఎవరికి చీము పట్టినా, ముందు మేం వాడే వస్తువులను ల్యాబుకి పంపి, ఆ తర్వాతే నోరు తెరుస్తున్నాను.