మోత ఆగేదాకా

మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ సూసన్నకు చెవుడని రాసిపారేశారని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఖరగ్‌పూర్ యార్డులో పాతికేళ్ళుగా రైలు చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని పగుళ్ళు పట్టే మనిషి ఆయన.

చిక్కల్లా ఆయన అలవాటుతోనే. మోత పూర్తిగా ఆగేదాకా నోరు విప్పకూడదని పాత మేస్త్రీ నేర్పాడు. సూసన్న దాన్ని చక్రాల దగ్గరే ఆపలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య ఆలిస్ అడిగితే, చెయ్యి కడుక్కున్నాక "సాల్నేదు" అనేవాడు. పెళ్ళిలో పాస్టరు సమ్మతమేనా అని అడిగినప్పుడు, ఆలిస్ ఏడుపు మొదలెట్టాక గానీ ఒప్పుకోలేదట.

1987లో రైల్వేవాళ్ళు చెవుల పరీక్ష పెట్టారు. భీమశంకరం డాక్టరు ట్యూనింగ్ ఫోర్కు మోగించి, "వినబడుతోందా?" అన్నాడు. మోత ఇంకా ఆగలేదని సూసన్న శ్రద్ధగా వింటూ కూర్చున్నాడు. డాక్టరు "చెవుడు" అని రాసేశాడు. ఇక సుత్తి అప్పజెప్పి ఆఫీసులో ఫైళ్ళు మోయాలి.

"సుత్తి నేపోతే నానేటి?" అని సూసన్న నా దగ్గర ఏడ్చాడు.

హిజ్లీ ఐఐటీలో ఇంజనీరింగు పాఠాలు చెప్పే హరనాథ్ గారు చక్రాల మోతలు రికార్డు చేసుకోవడానికి యార్డుకు వచ్చేవారు. సంగతి విని ఎగిరి గంతేశారు.

"నువ్వు చేసేది మా పాఠమే సూసన్నా! రెండింతలు గట్టిగా కొడితే మోత కూడా రెండింతలయ్యే వస్తువును లీనియర్ అంటాం. దాన్ని ఒక్క దెబ్బ కొట్టి, మోత చివరిదాకా పట్టుకుంటే చాలు. ఇక ఎలా కుదిపినా అదేం చేస్తుందో లెక్కకట్టొచ్చు. అదే ఇంపల్స్ రెస్పాన్స్. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది."

కాసేపటికి సూసన్న, "లైను మీద పనే గదా, లీనియరే అవుతాది బాబూ" అన్నాడు.

హరనాథ్ గారు మైకూ, మోత ఎంతుందో చూపే ముల్లున్న మీటరూ పట్టుకుని డాక్టరు దగ్గరకు నడిచారు. మేమూ వెళ్ళాం. ఫ్యాను ఆపించి, ఫోర్కు మోగించారు. తొమ్మిది సెకన్లకే డాక్టరు, "ఆగిపోయింది. ఇంకేం వింటాడు? చెవుడే!" అని కలం తీశాడు. మీటరు ముల్లు ఇంకా వణుకుతోంది. ఇరవై రెండో సెకనుకు అది నిలిచింది.

"ఇప్పుడాగినాది బాబూ" అన్నాడు సూసన్న.

అందరం డాక్టరు వైపు తిరిగాం. ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, "ఠీక్ హై" అంటూ సుత్తి పనికి తగినవాడేనని సంతకం పెట్టేశాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, "దాదా, నా చెవుల సంగతి బయట చెప్పవు కదా?" అని గుసగుసగా అడిగాడు.

సూసన్న ఆ మాట సద్దుమణిగేదాకా ఆగాడు. డాక్టరుకు ముచ్చెమటలు పోశాయి.

"సెప్పనని మాటిస్తాను బాబూ. గానీ అది మీకు వినబడాలంటే నానరిసి సెప్పాల, వరండా అంతా వింటాది."