కుప్పంలో కోసిన సంగటి ముద్ద

మా చెల్లెలు రెడ్డెమ్మకు పోయినసారి తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి ఏడో నెల, మళ్ళీ షుగర్. చూసే డాక్టరమ్మ కుప్పానికి మారడంతో మేమూ అక్కడికే బయలుదేరాం. పొద్దున ఐదున్నరకు మదనపల్లెలో నేను బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మాత్రం మరవకండి. ఆరున్నరకు పుంగనూరులో చెల్లెలు క్యారియర్ పట్టుకుని ఎక్కింది. పరగడుపున పరీక్షకు రక్తమివ్వాలని ఏమీ తినలేదు.

“ఏం తెచ్చుకున్నావమ్మా?” పక్కసీటు పెద్దామె అడిగింది.

“రాగిసంగటి, పెద్దమ్మా. అన్నం మానేసినాను. సంగటైతే ఎంత తిన్నా ఏంగాదని మా యక్క సెప్పింది.”

నేను గొప్పగా తలూపాను.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి వరండాలో అడుగుపెట్టాం. బెంచీలు చాలక మెట్ల మీద, గోడల వెంబడి, అంతా కడుపుతో ఉన్నవాళ్ళే. అందరికీ షుగరేనట. అమ్మో, ఇంతమందా! అందరికీ కలిపి ఒక్క నర్సమ్మ. ఎవరికి ఎన్నో నెలో, ముందు కాన్పులో ఏం జరిగిందో కాగితం చూడకుండానే చెబుతోంది.

రక్తం తీశాక తినమంది. చెల్లెలు మూత తీస్తే కొబ్బరికాయంత ముద్దలు రెండు.

“రాగులు తింటే షుగర్ పెరగదని ఎవురు సెప్పినారు తల్లీ?” నర్సమ్మ అడిగింది.

“నేనే,” అన్నాను.

“రాగైనా బియ్యమైనా కొలత ఉండాదమ్మా,” అంటూ గరిటెతో కోసి, పిడికెడు ముద్ద ఉంచి, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకోమంది. చూస్తే అన్ని క్యారియర్లలోనూ అవే ముద్దలు! విసుక్కోకుండా ఒక్కొక్కటే కోసుకుంటూ పోయింది. ఆమెకు దండం పెట్టాలనిపించింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. నాకు ఏడుపాగలేదు. బిడ్డ బాగుందట, కానీ షుగర్ బాగా ఎక్కువుంది, ఈరోజు నుంచే ఇన్సులిన్ తప్పదంది. సూది వేసుకోవడం నర్సమ్మ నేర్పింది.

ఐదు గంటల బస్సులో తిరుగుప్రయాణం. ఏడుకు పలమనేరులో దిగి హోటల్లో చపాతీలు చెప్పాం. చెల్లెలు ఇన్సులిన్ సూది తీసి, కొంగుచాటున పొట్ట పక్క చర్మం పట్టుకుంది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

“యాల మూసుకుంటావక్కా? సూడు. నాకు సెయ్యి వణికిన పొద్దు నువ్వే ఎయ్యాల.”

కళ్ళు తెరిచాను. సూది అప్పటికే లోపలుంది. పదంకెలు లెక్కపెట్టి తీసేసి చపాతీ తుంచుకుంది. దీనికింత ధైర్యం ఎక్కడిదో! నేను చూసిన ఊళ్ళలో, కొండల్లో ఇంత గొప్పది చూసిన గుర్తు లేదు.

తర్వాతి బస్సులో నా టికెట్ మదనపల్లెకే ఉంది. పుంగనూరు రాగానే దానితోపాటు దిగేశాను. పొద్దున సూది నేను వేయాలి.